తేలిన పాలు - తెగని పంపకము

పాలు తేలుట వేరు, పంపకము తెగుట వేరు. ఈ రెండును ఒకటే యని మన ఇండ్లలో చాలమంది భావింతురు. న్యాయస్థానమువారు 'నీకు మూడవ వంతు' అని తీర్పు చెప్పినచో, మరునాడే పొలమునకు పోయి గట్టు వేసికొనవచ్చునని తలంతురు. విభాగ దావాలలో అట్లు జరుగదు. అచ్చట డిక్రీలు రెండు. మొదటి దానిని ప్రాథమిక డిక్రీ యందురు. రెండవది తుది డిక్రీ. మొదటిది ఎవరికెన్ని వంతులో చెప్పును. రెండవది ఏ వంతు ఎచ్చట నున్నదో చెప్పును.

ఒక కుటుంబమునకు తొమ్మిది ఎకరముల మాగాణి, ఒక బావి, ఒక పెంకుటిల్లు ఉన్నవనుకొందము. ముగ్గురు భాగస్థులు. తలకొక మూడవ వంతు అని ప్రాథమిక డిక్రీ పలికినది. బాగుగనే యున్నది. కాని బావి ఎవరి ముక్కలో పడవలెను? కాలువ ప్రక్కనున్న మెరక ఎవరికి, దూరముననున్న పల్లము ఎవరికి? ఇంటిని నిలువున చీల్చుటకు వీలులేదు గదా, దాని మాట యేమి? వీటికి సమాధానము దొరకినప్పుడే తుది డిక్రీ. అంతవరకు ఆ మూడవ వంతు కాగితము మీది మూడవ వంతే.

ఈ రెండు డిక్రీల నడుమ గడచు కాలమును గూర్చియే నేటి మా ప్రసంగము. ఆ నడిమి కాలము వ్యాజ్యదారులకు శాపమని నూరేండ్లకు పైగా అనుకొనుచున్నారు. అది నిజము. అయితే ఆ నడిమి కాలమే మన ఆడపడుచులకు ఒక ద్వారమైనదన్నది కూడ నిజము. ఇటీవలి తీర్పులను అర్థము చేసికొనవలెనన్నచో ఈ రెండు నిజములను ఒక్కచోట నుంచి చూడవలెను.

మన దేశమున తొలి సివిలు ప్రక్రియా స్మృతి 1859లో వెలువడినది. 1877లోను, 1882లోను మార్చి వ్రాయబడి, చివరకు 1908లో నేటి రూపమును దాల్చి, 1909 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. తరువాత 1976లోను, 2002లోను పెద్ద సవరణలు జరిగినను, విభాగ దావాల త్రోవ మాత్రము మారలేదు. ఆ స్మృతిలోని ఇరువదవ ఆర్డరు 18వ నియమము ఆ త్రోవను చెప్పుచున్నది. ప్రభుత్వమునకు శిస్తు చెల్లించు అవిభక్తపు ఎస్టేటైనచో కలెక్టరు ద్వారా పంచవలెను. ఇతర స్థిరాస్తి యైనచో, మరికొంత విచారణ లేనిదే సుకరముగా పంచుట సాధ్యముకానప్పుడు, ముందు హక్కులను నిర్ణయించి ప్రాథమిక డిక్రీ నీయవచ్చును. ఆ పిమ్మట న్యాయస్థానము ఒక కమిషనరును నియమించును. సాధారణముగా ఆయన ఒక న్యాయవాది. సర్వేయరును వెంటబెట్టుకొని పొలమునకు పోయి, కొలిపించి, భూమి గుణమును విచారించి, పటము గీయించి, నివేదిక నిచ్చును. దానిపై ఇరుపక్షములవారు ఆక్షేపణలు చెప్పుకొందురు. అవి తీరిన పిమ్మట తుది డిక్రీ. దానిని స్టాంపు కాగితముపై ఎక్కింపవలెను. అప్పటికిని ఎదుటివాడు పొలము వదలనిచో అమలు పిటిషను వేసి, అమీనును తీసికొనిపోయి, స్వాధీనము పొందవలెను.

చదువుటకే ఇంత సేపు పట్టినది. జరుగుటకు ఎంత కాలము పట్టునో ఊహింపవచ్చును. లండనులోని ప్రీవీ కౌన్సిలు 1872 నాటికే ఒక మాట అన్నది: భారతదేశమున వ్యాజ్యదారుని ఇబ్బందులు డిక్రీ చేతికి వచ్చిన పిమ్మటనే ఆరంభమగునని. మన పల్లెలవారు ఆ తీర్పును చదువకయే అదే మాటను తమదైన రీతిలో చెప్పుకొనిరి - ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అని.

ఇది ప్రక్రియ కథ. ఇక హక్కు కథ. అసలు పాలు ఎవరికి?

పదునొకండవ, పండ్రెండవ శతాబ్దుల సంధికాలమున కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. దక్షిణదేశపు దాయవిభాగమునకంతకును అదియే ఆధారమైనది. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. అనగా తెలుగువారు దాయధర్మమును తమ భాషలో చదువుకొనుట ఏడు వందల యేండ్లకు పూర్వమే జరిగినదన్నమాట. న్యాయస్థానములు ఆచరించిన మితాక్షర సంప్రదాయమున కొడుకునకు తాత తండ్రుల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు. కూతురునకు ఆ జన్మహక్కు లేదు. ఆమెకు పెండ్లిలో పెట్టినది, పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద వ్రాసి యిచ్చిన చెక్క - ఇంతియే. అదియు ఇచ్చువారి దయను బట్టి. వితంతువునకు భరణము కలదు, పొలము లేదు.

ఈ గోడలో తొలి బీట 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము. అది భర్త ఆస్తిలో వితంతువునకు పాలు నిచ్చినది గాని జీవితకాలపు అనుభవమునకు మాత్రమే. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించినది. స్త్రీ వశమందున్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలగునని దాని 14వ సెక్షను చెప్పినది. ఆ మాట ఎంత దూరము పోవునో తేల్చినది నెల్లూరు నుండి వచ్చిన ఒక వ్యాజ్యము.

ఆ వితంతువు భర్త 1931లో చనిపోయెను. ఆమె భరణము కొరకు 1944లో నెల్లూరు మునసబు కోర్టుకు పోయినది. 1949లో రాజీ కుదిరి, కొంత భూమి ఆమెకు ఇవ్వబడినది - బ్రతికినంత కాలము అనుభవించుటకు మాత్రమే. తరువాత 1956 చట్టము వచ్చినది. ఆమె ఆ ఆస్తిలో కొంత అమ్మగా, అమ్ముటకు హక్కు లేదని భర్త తరఫువారు దావా వేసిరి. 1977 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పినది. భరణమన్నది ఎవరో దయతలచి యిచ్చినది కాదు, ఆమెకు ముందునుండియు ఉన్న హక్కు. దానికి బదులుగా వచ్చిన భూమి 1956తో ఆమెకు సంపూర్ణముగా దక్కినది - ఇదియే ఆ తీర్పు సారము. 1944 నుండి 1977 వరకు ముప్పదిమూడేండ్లు. 14వ సెక్షనులోని రెండు ఉపవిభాగములకు నడుమ సరిహద్దు ఎచ్చట అను ప్రశ్న ఆ పిమ్మట కూడ పలు తీర్పులలో పలు విధములుగ నడచి, 2024 డిసెంబరులో జస్టిస్ పి. ఎస్. నరసింహ, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనముచే విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది.

వితంతువు మాట అట్లుండ, కూతురు మాట యేమి? 1956 చట్టము ఆమెను వారసురాలిగా అంగీకరించినది గాని పుట్టుకతో హక్కుగల సహభాగిగా అంగీకరింపలేదు. ఈ భేదము మాటలలో చిన్నది, పొలములో పెద్దది. ఇందాకటి తొమ్మిది ఎకరములనే తీసికొందము. అది పిత్రార్జితము. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే గతించినది. తండ్రి వీలునామా లేక చనిపోయెను. 1956 నాటి లెక్క ప్రకారము ముందు తండ్రికిని కొడుకులకును తలకు మూడెకరములు. తండ్రి మూడెకరములను ముగ్గురు బిడ్డలు పంచుకొందురు. కడకు కొడుకులకు తలకు నాలుగు ఎకరములు. కూతురునకు ఒక్క ఎకరము. ఆమెను కూడ సహభాగిగా లెక్కించినచో ముగ్గురకును తలకు మూడెకరములు. ఒక యెకరమునకును మూడెకరములకును గల భేదమే ఈ చట్టముల చరిత్రలోని అసలు తగాదా.

ఆ లెక్కను మార్చుటకు ముందు నడచిన రాష్ట్రములలో మనది ఒకటి. కేరళము ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసినది. ఉమ్మడి కుటుంబమును నిలిపి, అందు కూతురును కొడుకుతో సమానముగ నిలువబెట్టిన తొలి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున వచ్చిన ఆ సవరణ 1986 నాటి చట్టముగా వెలువడి, 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి వర్తించినది. నేటి తెలంగాణము కూడ అప్పటి రాష్ట్రములోనిదే గనుక ఆ మేలు అచ్చటను కలిగినది. 1989లో తమిళనాడు, 1994లో మహారాష్ట్రము, కర్ణాటకము ఆ త్రోవనే పట్టినవి. అయితే మన చట్టమున రెండు మినహాయింపులు కలవు. ఆ తేదీకి ముందే పెండ్లియైన కూతురునకు ఈ హక్కు లేదు. ఆ తేదీకి ముందే జరిగిపోయిన పంపకమును తిరుగదోడుటకు వీలులేదు.

ఇచ్చటనే ప్రక్రియ కథయు హక్కు కథయు కలిసికొన్నవి. పంపకము 'జరిగిపోవుట' అనగా నేమి? ప్రాథమిక డిక్రీ వచ్చినచో జరిగినట్లేనా? లేక తుది డిక్రీ రావలెనా?

ఆంధ్రప్రదేశ్ నుండియే వెళ్లిన ఒక వ్యాజ్యమున ప్రాథమిక డిక్రీ 1973లో వచ్చినది. తుది డిక్రీ రాలేదు. ఇంతలో కొత్త చట్టము వచ్చినది. ఆ ఇంటి కూతుండ్రు మాకును పాలు కావలెననిరి. పాళ్లు ఎన్నడో తేలినవి గదా యని ఎదుటివారనిరి. 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఇట్లు తేల్చినది: ప్రాథమిక డిక్రీ వంతులను చెప్పునే గాని ఆస్తిని పంచదు, హద్దులు ఏర్పడి ఎవరి ముక్క వారికి వచ్చువరకు పంపకము పూర్తికాదు, కనుక చట్టము వచ్చునాటికి పెండ్లికాని కూతుండ్రకు పాలు కలదు. పరిస్థితులు మారినచో విభాగ దావాలో రెండవ ప్రాథమిక డిక్రీ కూడ ఈయవచ్చునని ఆ న్యాయస్థానమే 1967లో చెప్పియుండెను. అప్పుడు ఆ మాట భాగస్థులు మరణించుట వంటి మార్పులను గూర్చినది. ఇప్పుడు అదే సూత్రము చట్టపు మార్పునకును వర్తించినది.

2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టమే మారినది. పెండ్లియైనదా కాలేదా యను భేదము లేక, దేశమంతటను కూతురు పుట్టుకతోనే సహభాగి యైనది. వెంటనే పాత ప్రశ్న కొత్తగా లేచినది. ఒంగోలు సీనియరు సివిలు జడ్జి కోర్టులోని ఒక విభాగ దావాలో 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చి, 2003లో సవరింపబడినది. తుది డిక్రీ రాకముందే కొత్త చట్టము వచ్చుటచే ఆ ఇంటి ఆడపడుచు లిద్దరు సమాన భాగము కోరిరి. 2009 జూన్‌లో క్రింది కోర్టు అంగీకరించినది. ఆగస్టులో ఉన్నత న్యాయస్థానము కాదన్నది. 2011 అక్టోబరు 12న సర్వోన్నత న్యాయస్థానము క్రింది కోర్టు ఆజ్ఞనే నిలబెట్టినది. తుది డిక్రీ వచ్చువరకు దావా సజీవమే; సజీవమైన దావాలో మారిన హక్కును ఎక్కింపవలసినదే యని ఆ తీర్పు భావము.

అయినను చిక్కు పూర్తిగ వీడలేదు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బ్రతికియున్నప్పుడే కూతురునకు ఈ హక్కు అని 2015లో ఒక తీర్పు వచ్చినది. 2001లోనే తండ్రి గతించిన ఒక కుటుంబమున కూతుండ్రకు సమానపాళ్లు ఇచ్చుచు 2018లో మరియొక తీర్పు వచ్చినది. రెండును సర్వోన్నత న్యాయస్థానపువే. రెండును ఇద్దరేసి న్యాయమూర్తులవే. దేశమందలి జిల్లా కోర్టులు దేనిని అనుసరింపవలెను? 2020 ఆగస్టు 11న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం. ఆర్. షాల ధర్మాసనము ఈ చిక్కును విప్పినది. కూతురునకు హక్కు పుట్టుక వలన వచ్చునే గాని తండ్రి బ్రతికియుండుట వలన రాదు. ప్రాథమిక డిక్రీ వచ్చియున్నను, తుది డిక్రీలో ఆమెకు సమాన భాగము ఈయవలసినదే. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకములు మాత్రము కదలవు. 'ఎన్నడో నోటిమాటగా పంచుకొన్నాము' అను వాదము సాధారణముగ చెల్లదు; ప్రభుత్వ దస్తరములు బలముగ సాక్ష్యమిచ్చు అరుదైన సందర్భములలోనే దానిని ఆలకింపవచ్చును. ఈ చివరి మాట యొక్క బరువు మన పల్లెలకు బాగుగ తెలియును. నోటిమాట పంపకమన్నది కూతురునకు పాలు లేకుండ చేయుటకు ఎంత సులభమైన సాధనమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు నడిమి కాలము చేసిన మేలును చెప్పితిమి. ఆ మేలు ఎవరును తలపెట్టినది కాదు. తుది డిక్రీలు సకాలమున వచ్చియున్నచో ఒంగోలు ఆడపడుచులకు ఆ ద్వారము మూసికొనియుండెడిది. మందగమనము వారి పాలిటికి వరమైనది. అయితే దీనిని చూచి ఆలస్యమును మెచ్చుకొన్నచో పొరపాటగును. ఏలయన, తేలిన పాలు కూడ ఆ నడిమి కాలములోనే చిక్కుకొనిపోవుచున్నది. అంతవరకు పొలమును దున్నుకొనువాడు, కౌలు తీసికొనువాడు, ఇంటిలో కాపురముండువాడు సాధారణముగ అన్నగారో తమ్ముడుగారో. ఆలస్యము చేతిలో భూమి ఉన్నవానికి నష్టము కాదు. భూమి లేనివారికే నష్టము. విసిగి వేసారిన ఆడపడుచు ఎంతో కొంత పుచ్చుకొని హక్కు విడుదల పత్రముపై చేవ్రాలు చేయుట మనమెరిగినదే.

2009లో సర్వోన్నత న్యాయస్థానము ముందునకు వచ్చిన ఒక విభాగ దావాలో ప్రాథమిక డిక్రీ 1964 నాటిది. నలువదియైదేండ్లు! తుది డిక్రీ కొరకు అర్జీ పెట్టుటకు కాలపరిమితి లేదని, దావా ముగియనందున అది పాత దావాకు కొనసాగింపేయని ఆ తీర్పున చెప్పిరి. దానితోపాటు, హక్కు నిర్ణయమైనంతనే దావాను అటకెక్కించు పద్ధతి మారవలెనని జస్టిస్ ఆర్. వి. రవీంద్రన్ హితవు పలికిరి. 2021 ఏప్రిలులో మరియొక తీర్పు అమలు పిటిషన్లను ఆరు నెలలలో ముగింపవలెనని నిర్దేశించినది. 2022 జూన్‌లో కేరళమునుండి వచ్చిన వ్యాజ్యమున జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ విక్రమ్ నాథ్‌లు ఇంకొక అడుగు ముందునకు వేసిరి. ప్రాథమిక డిక్రీ ఈయగనే, ఎవరును వేరుగ అర్జీ పెట్టకున్నను, న్యాయస్థానమే తుది డిక్రీ కార్యక్రమమునకు వాయిదా వేయవలెను. వ్యాజ్యమును తేదీ లేకుండ పడవేయరాదు. 2020 ధర్మాసనములోను కూర్చుండిన ఈ అబ్దుల్ నజీర్ గారే 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరైరి.

ఆజ్ఞలు వచ్చినవి, పని జరిగినదా? 2025 మార్చిలో తమిళనాడు వ్యాజ్యమొకటి విచారణకు వచ్చినది. 1980 నాటి క్రయ ఒప్పందముపై నడచిన ఆ తగాదాలో గెలిచినవారికి అప్పటికిని స్వాధీనము దక్కలేదు. జస్టిస్ జె. బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహాదేవన్‌లు దేశమందలి ఉన్నత న్యాయస్థానము లన్నింటినుండి అమలు పిటిషన్ల లెక్కలు తెప్పించిరి. ఆ యేడు అక్టోబరు నాటికి ఆరు నెలలలో మూడు లక్షలకు పైగా పిటిషన్లు తీరినను, ఇంకను ఎనిమిది లక్షల ఎనుబది వేలకు పైగా నిలిచియున్నట్లు తేలినది. అనగా ఎనిమిది లక్షల డిక్రీలలో న్యాయము పలుకబడినది గాని చేతికి అందలేదు.

ఇక మన ఇండ్లకు సంబంధించిన మాటలు కొన్ని చెప్పి ముగింతుము. విభాగ దావాలో ప్రాథమిక డిక్రీ వచ్చినచో, దానిని పెట్టెలో దాచుకొని తీర్పు ముగిసినదని ఊరకుండరాదు. కమిషనరు నియామకమునకు వెంటనే అడుగవలెను. తుది డిక్రీ కోరుటకు గడువు లేకున్నను, వచ్చిన తుది డిక్రీని అమలు చేయించుకొనుటకు పండ్రెండేండ్ల గడువు కలదని మరువరాదు. ఇష్టపూర్తిగ పంచుకొనువారు ఆడపిల్లలను కూర్చుండబెట్టి, వ్రాసికొని, రిజిస్టరు చేయించుకొన్నచో ఈ త్రోవ అంతయు నడువనక్కరలేదు.

రెండు డిక్రీల నడిమి కాలము ఒకప్పుడు, చట్టము ఎదుగుచున్న దినములలో, కొత్త హక్కు లోనికి వచ్చుటకు తలుపు తెరచి యుంచినది. ఇప్పుడా హక్కు లోనికి వచ్చినది. 2020 తీర్పుతో కూతురు భాగస్థురాలా కాదా యను ప్రశ్న ముగిసినది. ఇక ఆ తలుపు తెరచియుండి ఎవరికిని చేయు మేలు లేదు. మిగిలినది గొలుసు పట్టుకొని పొలము కొలుచు పని; ఆమె మూడెకరములకు హద్దురాళ్లు నాటు పని. ఆ రాళ్లు పడిననాడే పంపకము తెగినట్లు.